ముద్ర ఒక్కరిది, కట్ట అందరిది

మా పిన్ని కొడుకు హైదరాబాద్‌లో ఎనిమిదేళ్లు సివిల్ ఇంజనీర్‌గా పనిచేసి కెనడాలోని బ్రిటిష్ కొలంబియా వెళ్లాడు. అక్కడ వాడిని ముందుగా దెబ్బ కొట్టింది విజిటింగ్ కార్డు, చలి సంగతి తర్వాత. కొత్త ఆఫీసులో కార్డులు అచ్చు వేయిస్తుంటే పేరు కింద ‘ఇంజనీర్’ అని పెట్టమన్నాడట. మేనేజర్ నవ్వుతూనే వద్దన్నాడు, లైసెన్సు వచ్చేదాకా ఆ మాట వాడితే చట్టం ఒప్పుకోదన్నాడు. ఆ రాత్రి నాకు ఫోను. “అన్నయ్యా, నాలుగేళ్లు బీటెక్ చదివాను, ఎనిమిదేళ్లు సైట్లలో ఎండకి మాడాను, ఇప్పుడు నేను ఇంజనీర్‌నే కాదంటున్నారు!”

నేనూ సివిలే చదివాను కాబట్టి వాడి ఉక్రోషం అర్థమైంది. కానీ వాడికి సమాధానం చెబుదామని ఆ వ్యవస్థ గురించి చదవడం మొదలుపెట్టాక విజిటింగ్ కార్డు గొడవ పక్కకి పోయి, ఇంకో పెద్ద చిక్కు కనిపించింది. లైసెన్సు ఇచ్చేది ఒక మనిషికి, డ్రాయింగ్ మీద ముద్ర వేసేదీ ఒక మనిషే, తప్పు జరిగితే శిక్షించేదీ ఆ ఒక్క మనిషినే. కానీ వంతెన కూలినా, కట్ట తెగినా, కారణం తవ్వి చూస్తే అది ఏ ఒక్కరి బుర్రలోనో దొరకదు, ఇద్దరు మనుషుల మధ్య దొరుకుతుంది. ఒకరు అడగని ప్రశ్నలో, ఇంకొకరు చదవని ఉత్తరంలో. ఆ మధ్య జాగాని చట్టం ఎలా పట్టుకుంటుందన్నదే అసలు సంగతి, ఈ వ్యాసం దాని గురించే.

ముందు నేపథ్యం కాస్త. కెనడాలో ఇంజనీర్ అంటే డిగ్రీ పేరు కాదు, మనకి డాక్టరు, లాయరు ఎలాగో అలా లైసెన్సు పేరు. అది కూడా దేశం మొత్తానికి ఒకటి ఉండదు, ఏ ప్రావిన్సుకి (అంటే మన రాష్ట్రం లాంటిది) ఆ ప్రావిన్సే చట్టం చేసుకుంటుంది, అలా టెరిటరీలతో కలిపి మొత్తం 12 నియంత్రణ సంస్థలున్నాయి. ఇంజనీర్స్ కెనడా అని జాతీయ స్థాయిలో ఒకటుంది గానీ అది ఆ పన్నెండింటి సమాఖ్య మాత్రమే, లైసెన్సు ఇచ్చే అధికారం దానికి లేదు. బ్రిటిష్ కొలంబియా, అల్బెర్టా లాంటి చోట్ల ఇంజనీర్లూ, జియోసైంటిస్టులూ (అంటే భూగర్భ శాస్త్రం, జియోఫిజిక్స్ వాళ్లు) ఒకే సంస్థ కింద ఉంటారు. ఒంటారియో, క్విబెక్‌లలో రెండూ వేర్వేరు. లైసెన్సు వచ్చాక పేరు పక్కన పీ.ఇంజ్. అనో పీ.జియో. అనో పెట్టుకుంటారు, చేతికి ఒక ముద్ర వస్తుంది.

మన సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ల సంగతేంటని అడుగుతారని తెలుసు. దాని మీద అక్కడ నిజంగానే కోర్టు కేసులు నడిచాయి. అల్బెర్టాలో నియంత్రణ సంస్థ టెక్ కంపెనీల మీదకి వెళ్తే 2023లో కోర్టు కంపెనీ వైపే తీర్పిచ్చింది, అదే ఏడాది చివర్లో ప్రభుత్వం చట్టం సవరించి ‘సాఫ్ట్‌వేర్ ఇంజనీర్’ అన్న పేరుకి మినహాయింపు ఇచ్చేసింది. కాబట్టి అల్బెర్టాలోని కాల్గరీలో ఉన్న మనవాళ్లు కార్డు ధైర్యంగా అచ్చు వేయించుకోవచ్చు. మావాడిది సివిల్, వాడికి ఆ అదృష్టం లేదు.

ఇక స్వీయ నియంత్రణ. ప్రభుత్వం ఒక చట్టం చేసి, ఈ వృత్తిలోకి ఎవరు రావాలో, ఎలా పనిచేయాలో, తప్పు చేస్తే ఏం శిక్ష వేయాలో మీరే చూసుకోండని ఆ వృత్తి చేతికే ఇచ్చేస్తుంది. ఖర్చంతా సభ్యులు కట్టే ఫీజుల నుంచే. దీని వెనక తర్కం తేలికే: ఒక డ్యామ్ పునాది లెక్క సరిగ్గా వేశారో లేదో సచివాలయంలో కూర్చున్న గుమాస్తా చెప్పలేడు, అలాంటి లెక్కలు వేసి చేతులు కాల్చుకున్న ఇంకో ఇంజనీరే చెప్పగలడు. దీని మీద వచ్చే అనుమానం కూడా అంతే తేలికైనది. దొంగ చేతికే తాళంచెవులు ఇచ్చినట్టు కాదా? మన దగ్గర లాయర్లకి బార్ కౌన్సిల్ ఉంది, సీఏలకి వాళ్ల ఇన్‌స్టిట్యూట్ ఉంది, ఆర్కిటెక్టులకి 1972 నాటి చట్టం ఉంది. ఇంజనీర్లకి దేశమంతటికీ వర్తించే అలాంటి లైసెన్సు చట్టమేదీ లేదు కాబట్టి ఈ అనుమానం మనకి ఎప్పుడూ రాలేదు. తాళమే లేనప్పుడు తాళంచెవి గొడవెందుకు.

చాలామంది సభ్యులే పొరపడే విషయం ఇంకోటుంది. నియంత్రణ సంస్థ అంటే ఇంజనీర్ల సంఘం కాదు. జీతాలు పెంచమనో, ఉద్యోగాలు కాపాడమనో అడగడం దాని పని కాదు. అది పనిచేయాల్సింది వంతెన మీద నడిచే జనం కోసం, ఫీజు కట్టేది మాత్రం ఇంజనీర్లు. ఫీజు కట్టినవాడు ‘నాకేం చేశావు’ అని అడగడం సహజమే కదా, ఆ లాగుడు ఎప్పుడూ ఉంటుంది. ఒంటారియోలో ఇంజనీర్ల తరఫున మాట్లాడటానికి 2000లో విడిగా ఇంకో సంస్థనే పెట్టారు. అయినా 2019లో హ్యారీ కేటన్ అనే నిపుణుడు బయటి నుంచి వచ్చి అక్కడి నియంత్రణ సంస్థని పరిశీలించినప్పుడు, నియంత్రణకీ సంఘం పనికీ మధ్య గీత ఇంకా చెరిగిపోయే ఉందని మొహం మీదే చెప్పాడు.

ఇప్పుడు ఆ మధ్య జాగా దగ్గరికి వద్దాం. పాత కథతో మొదలుపెడతాను, ఎందుకంటే అందులో అన్నీ పచ్చిగా కనిపిస్తాయి.

1907లో క్విబెక్ నగరం దగ్గర సెయింట్ లారెన్స్ నది మీద అప్పటికి ప్రపంచంలోనే పెద్దదనదగ్గ ఉక్కు వంతెన కడుతున్నారు. ప్రధాన సలహాదారు థియొడోర్ కూపర్, న్యూయార్క్‌లో ఉండే పేరుమోసిన ఇంజనీరు. స్తంభాల మధ్య దూరాన్ని 1600 అడుగుల నుంచి 1800 అడుగులకి పెంచాడు, కానీ పెరిగిన వంతెన సొంత బరువుని మళ్లీ సరిగ్గా లెక్కించలేదు. ప్రభుత్వం ఇంకో ఇంజనీరుతో డిజైన్ చూపిద్దామంటే ఒప్పుకోలేదు, తన మీద ఇంకొకరు కూర్చోవడం ఆయనకి నచ్చలేదు. ఆరోగ్యం బాగోలేక పైభాగం పని మొదలయ్యాక సైట్‌కే రాలేదు. సైట్‌లో ఆయన తరఫున ఉన్నది మెక్‌లూర్ అనే కుర్ర ఇంజనీరు.

ఆ ఆగస్టులో మెక్‌లూర్ కింది దూలాల్ని కొలిస్తే ఒకటి వంగి ఉంది. ముప్పావు అంగుళం వంపు కొద్ది రోజుల్లోనే రెండుంపావు అంగుళాలు అయింది. ఉక్కు దూలం అలా నెమ్మదిగా వంగుతూ పోతుంటే సివిల్ చదివిన ఎవరికైనా వెన్నులో చలి పుడుతుంది. సైట్‌లో వాదన జరిగింది. కొందరు దూలం ఫ్యాక్టరీ నుంచే అలా వంకరగా వచ్చిందన్నారు, పని ఆపితే కూలీలు వెళ్లిపోతారన్నారు. ఆపేయమని చెప్పగల అధికారం ఉన్న మనిషి అక్కడ ఎవరూ లేరు, అందుకే మెక్‌లూర్ రైలెక్కి న్యూయార్క్ వెళ్లాడు. ఆగస్టు 29న కూపర్ విషయం విన్నాడు, వెంటనే ఇక బరువు ఎక్కించొద్దని టెలిగ్రామ్ ఇచ్చాడు. ఎక్కడికి? ఉక్కు తయారుచేసే కంపెనీ ఉన్న పెన్సిల్వేనియాకి. క్విబెక్‌లో పని నడుస్తూనే ఉంది. సాయంత్రం డ్యూటీ దిగే కూత వేయబోయే వేళకి, అయిదున్నర దాటాక, వంతెన కొన్ని సెకన్లలో నదిలోకి కూలిపోయింది. పైన ఉన్న 86 మందిలో 75 మంది చనిపోయారు, అందులో 33 మంది కానవాగే అనే ఊరికి చెందిన మొహాక్ తెగవాళ్లు. ఒకే ఊరి నుంచి ముప్పై ముగ్గురు.

లెక్క తప్పు కూపర్‌దే, అందులో సందేహం లేదు. కానీ ఆ లెక్క తప్పని దూలాలు వారాల తరబడి చెబుతూనే ఉన్నాయి, ఒక కుర్రాడు టేపు పట్టుకుని కొలిచి మరీ చెప్పాడు. ఆ మాట కింది నుంచి పైకి వెళ్లడానికి రైలు కావాల్సి వచ్చింది, పైనుంచి కిందికి రావడానికి టెలిగ్రామ్ తప్పు ఊరికి వెళ్లింది. ఇదే నేను మధ్య జాగా అంటున్నది.

అప్పటికి ఇంజనీర్లకి ఇప్పటిలాంటి లైసెన్సు వ్యవస్థ లేదు. 1920లో బ్రిటిష్ కొలంబియా, అల్బెర్టా వంటి ప్రావిన్సుల్లో చట్టాలు వచ్చాయి. చట్టాలన్నీ ఒకే ఊహ మీద నిలబడ్డాయి: మంచి మనిషిని ఎంచి, చేతికి ముద్ర ఇస్తే, ఆ మనిషి మనస్సాక్షి మిగతాది చూసుకుంటుంది. ఊహ చెడ్డదేం కాదు. కానీ కూపర్‌కి ఆ రోజుల్లో లైసెన్సు పెట్టి ఉంటే అందరికంటే ముందు ఆయనకే ఇచ్చి ఉండేవాళ్లు కదా!

ఇప్పుడు వందేళ్లు ముందుకి. ఇది మావాడు వెళ్లిన ప్రావిన్సు కథే.

బ్రిటిష్ కొలంబియా మధ్యభాగంలో మౌంట్ పోలీ అనే రాగి, బంగారం గని ఉంది. రాయిని పిండిచేసి లోహం తీసేశాక మిగిలే సన్నటి బురదని టెయిలింగ్స్ అంటారు. దాన్ని నీళ్లతో సహా ఒక పెద్ద చెరువులో నిల్వ చేస్తారు, చుట్టూ కట్ట. మన చెరువు కట్టకీ దీనికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది: ఇది ఒకసారి కట్టి వదిలేసేది కాదు. గని నడిచినంతకాలం బురద వస్తూనే ఉంటుంది, కట్టని కూడా ఏటేటా పెంచుకుంటూ పోవాల్సిందే. అంటే ఒకరు మొదలుపెట్టిన కట్టని ఇంకొకరు పెంచుతారు, ఇంకెవరో పర్యవేక్షిస్తారు. అక్కడా మొదట డిజైన్ చేసిన కన్సల్టెంట్లు 2011 నాటికి తప్పుకుని ఇంకో సంస్థ బాధ్యత తీసుకుంది.

2014 ఆగస్టు 4, అక్కడ పండుగ సెలవు. అర్ధరాత్రి దాటాక దాదాపు 40 మీటర్ల ఎత్తున్న ఆ కట్టకి గండి పడింది. నీళ్లూ, బురదా కలిసి దాదాపు 2.5 కోట్ల ఘనపు మీటర్లు హేజెల్‌టైన్ వాగు మీదుగా క్వెనెల్ సరస్సులోకి వెళ్లిపోయాయి. దూకి దాటగలిగే వాగు తెల్లారేసరికి చెట్లన్నీ కొట్టుకుపోయి బూడిదరంగు మైదానమైంది. మనుషులెవరూ చనిపోలేదు, అది సెలవు రోజు అర్ధరాత్రి కావడం పుణ్యమే అనాలి.

ప్రభుత్వం ముగ్గురు నిపుణుల ప్యానెల్ వేసింది, వాళ్లు 2015 జనవరిలో నివేదిక ఇచ్చారు. కట్ట అడుగున కొన్ని మీటర్ల లోతులో, మంచుయుగంలో ఎప్పుడో ఉన్న సరస్సు అడుగున పేరుకున్న సన్నటి మట్టి పొర ఒకటి ఉంది. పైన బరువు పెరిగేకొద్దీ అది బలం కోల్పోయి జారింది. నేల పరీక్షకి బోర్లు వేశారు, వేయలేదని కాదు. కానీ ఆ చోట ఆ పొర ఎంత బలహీనమో, బరువు కింద ఎలా ప్రవర్తిస్తుందో ఎవరూ పట్టించుకోలేదు. దానికి తోడు కట్ట బయటివైపు వాలు. మొదటి డిజైన్ ప్రకారం ఒక మీటరు ఎత్తుకి రెండు మీటర్ల అడ్డం ఉండాలి, మనవైపు చెరువు కట్టలకి కూడా మామూలుగా అంతకి తక్కువ పెట్టరు. అక్కడ అది తాత్కాలికం అనుకుంటూ 1.3 మీటర్లకే వదిలేశారు. రాళ్ల కట్ట కాబట్టి నిలబడింది, నిలబడింది కదా అని అలాగే పెంచుతూ పోయారు. ఆ మట్టి పొర సంగతి తెలియకుండా కట్టడం తుపాకీలో తూటా నింపడమైతే, ఆ నిటారు వాలు ట్రిగ్గర్ నొక్కడం అన్న అర్థంలో ప్యానెల్ ఒక పోలిక వాడింది. వాలుని రెండుకి ఒకటి చేసి ఉంటే కట్ట తెగేది కాదని కూడా తేల్చింది. ఇంతా చేస్తే ఆ వాలు సరిచేసే పని మొదలై నడుస్తుండగానే గండి పడింది.

ఈ మట్టి పొర దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే ఇంజనీర్లూ జియోసైంటిస్టులూ ఒకే గొడుగు కింద ఎందుకుండాలన్నది ఇక్కడే అర్థమవుతుంది. జియాలజిస్టు నేలని కథలాగా చదువుతాడు: ఇక్కడ మంచు పలక నడిచింది, కరిగింది, సరస్సు నిలిచింది, అది మళ్లీ పూడిపోయింది. రెండు బోర్లలో ఒకే మట్టి కనిపిస్తే వాటి మధ్య గీత గీస్తాడు, కానీ చుక్కల గీత, పక్కన ఒక ప్రశ్నార్థకం. ‘ఉండొచ్చు’ అని దాని అర్థం. ఆ కాగితం డిజైన్ ఆఫీసుకి వస్తుంది. ఇంజనీరుకి లెక్కలోకి అంకె కావాలి, సాఫ్ట్‌వేర్‌లో ‘ఉండొచ్చు’ అని టైప్ చేయడానికి గడి ఉండదు. ఎక్కడో ఒక చోట చుక్కల గీత నిండు గీత అయిపోతుంది, ప్రశ్నార్థకం రాలిపోతుంది. ఎవరూ అబద్ధం ఆడలేదు, ఎవరూ దేన్నీ దాచలేదు, కాగితం ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదకి వెళ్లిందంతే. సైట్‌లో పనిచేసిన వాళ్లకి ఇది బాగా తెలుసు, నేను కూడా చిన్న చిన్న పనుల్లో చుక్కల గీతల్ని నిండు గీతలు చేసినవాడినే. నా అదృష్టం బాగుండి వాటి మీద కట్టినవి రెండంతస్తుల ఇళ్లు.

సంస్థకి కూడా ఇది అర్థమైంది. బ్రిటిష్ కొలంబియా నియంత్రణ సంస్థ 2016లో డ్యామ్ పునాదుల నేలని ఎలా పరిశోధించాలో చెబుతూ ప్రత్యేకంగా మార్గదర్శకాలు తెచ్చింది. అక్కడ జియోసైంటిస్టులు ఈ చట్టం కిందకి వచ్చింది కూడా 1990లోనే. ఒంటారియోలో అయితే 2000 దాకా ఆగాల్సి వచ్చింది, అదీ బ్రీ-ఎక్స్ అనే కాల్గరీ కంపెనీ ఇండొనేషియా అడవుల్లో బంగారమే లేని చోట మహా నిక్షేపం దొరికిందని వందల కోట్ల డాలర్లు విలువ పెంచుకుని, 1997లో నమూనాల్లో బంగారం పొడి కలిపారని బయటపడి కుప్పకూలాక. కట్టలు తెగితేనో, జనం డబ్బులు పోతేనో తప్ప ఈ చట్టాలు కదలవనిపిస్తుంది.

మౌంట్ పోలీ మీద క్రమశిక్షణ విచారణలు దాదాపు ఎనిమిదేళ్లు సాగి 2022లో ముగిశాయి. ముగ్గురు ఇంజనీర్ల మీద చర్యలు తీసుకున్నారు. ఒకరి లైసెన్సు రెండు నెలలు సస్పెండ్ అయింది, మిగతా ఇద్దరికీ జరిమానాలు పడ్డాయి, అందులో ఒకరికి జరిమానా, విచారణ ఖర్చులు కలిపి లక్ష డాలర్లు దాటాయి. ఇవన్నీ బహిరంగ రికార్డులో ఉన్నవే, పేర్లతో మనకి పనిలేదు. నన్ను ఆపింది ఒక విషయం: ఆ కట్టకి బాధ్యత వహించే ఇంజనీరుగా పెట్టిన వ్యక్తికి అంత పెద్ద పనికి సరిపడా అనుభవం లేదు, సీనియర్ ఆ బాధ్యత అప్పగించి ఊరుకున్నారు. జూనియర్ తప్పు ఏంటి? నా వల్ల కాదని చెప్పకపోవడం. సీనియర్ తప్పు ఏంటి? అలా చెప్పే అవకాశం ఇవ్వకపోవడం. రెండోదాన్ని మనం మామూలుగా తప్పు అనం, ‘కుర్రాళ్లని ప్రోత్సహించడం’ అంటాం. అక్కడి నియమాల ప్రకారం అది క్రమశిక్షణ నేరం. నాయకత్వం అన్న మాటకి చట్టంలో పళ్లున్నది ఈ ఒక్క చోటే అనుకుంటా.

కానీ ఇక్కడ కూడా శిక్ష పడింది ముగ్గురు మనుషులకే. కన్సల్టెన్సీ కంపెనీకి ఈ సంస్థ ఏమీ చేయలేకపోయింది, ఎందుకంటే కట్ట తెగిన నాటికి బ్రిటిష్ కొలంబియాలో ఇంజనీరింగ్ కంపెనీలు దాని పరిధిలోకే రావు. జూనియర్‌ని ఆ కుర్చీలో కూర్చోబెట్టింది బడ్జెట్టూ, గడువులూ, మనుషుల కొరతా అయితే, వాటిని నడిపే కంపెనీ బయట, ముద్ర వేసిన మనిషి బోనులో. ఇది అన్యాయంగా కనిపించడమే కాదు, పనికిరాని పద్ధతి కూడా.

2018లో అక్కడ ప్రభుత్వం నిపుణుల మీద ఆధారపడే పద్ధతి మొత్తాన్ని సమీక్ష చేయించింది. నివేదిక 121 సిఫార్సులు చేసింది, అదే ఏడాది చివర్లో వృత్తుల పాలనకి కొత్త చట్టం వచ్చింది, 2021 ఫిబ్రవరి 5 నుంచి అమలవుతోంది. ఇంజనీర్లూ జియోసైంటిస్టులతో పాటు అటవీ నిపుణుల్లాంటి ఇతర వృత్తుల వాళ్లనీ ఒకే చట్టం కిందకి తెచ్చారు, అందరి మీదా ప్రభుత్వ సూపరింటెండెంట్ కార్యాలయం ఒకటి పెట్టారు. స్వీయ నియంత్రణ ఉంది, కానీ దాని మీద ఇప్పుడు ఇంకో కన్ను ఉంది. చాలామంది సీనియర్లకి ఇది మింగుడుపడలేదు. నాకైతే కూపర్ గుర్తొచ్చాడు.

2021 జూలై నుంచి కంపెనీలకి కూడా పర్మిట్ తప్పనిసరి చేశారు. ఒక్క ఇంజనీరే నడుపుకునే సంస్థ అయినా సరే, పనిలో నీతి, నాణ్యత, శిక్షణ ఎలా చూసుకుంటారో రాతపూర్వకంగా ఒక ప్రణాళిక పెట్టుకోవాలి, దానికి ఒక బాధ్యుడుండాలి. లెక్కల్ని ఇంకొకరు చెక్ చేసినట్టు రికార్డుండాలి. ప్రమాదం ఎక్కువున్న పనుల్ని, అసలు ఆ డిజైన్‌తో సంబంధమే లేని మరో అర్హుడు స్వతంత్రంగా చూడాలి. మనిషికి ఏటా ఒక గంటైనా నీతి పాఠంతో సహా మూడేళ్లలో 60 గంటల శిక్షణ ఉండాలి. వినడానికి ఇదంతా ఆఫీసు కాగితాల గోలలా ఉంటుంది, కొంత అదే కూడా. ఫైలు నిండా టిక్కులు పెట్టి కట్ట దగ్గరికి ఒక్కసారీ పోని ఆఫీసుల్ని మనం చూడలేదా? కానీ గమనించండి, ఈ నియమాల్లో సగానికి సగం రెండో మనిషి గురించే. డిజైన్ చేసినవాడికి తోడు చెక్ చేసినవాడు, జూనియర్‌కి తోడు పర్యవేక్షించేవాడు, ముద్ర వేసినవాడికి తోడు సైట్‌కి వెళ్లి చూసినవాడు. 1920 చట్టం మంచి మనిషిని వెతికింది, ఈ చట్టం పక్కనున్న మనిషిని వెతుకుతోంది.

నాకు అన్నిటికంటే బరువైనదిగా అనిపించింది చెప్పి తీరాల్సిన బాధ్యత. తోటి ఇంజనీరు పని వల్ల జనానికో, పర్యావరణానికో పెద్ద హాని జరిగేలా ఉందని తెలిస్తే సంస్థకి చెప్పాలి, చెప్పకపోవడమే తప్పవుతుంది. చెప్పినవాడి మీద కక్ష తీర్చుకోవడం చట్టవిరుద్ధం. నీతి నియమావళిలో ఇంకోటుంది: నీ సలహాని యజమాని తోసిపుచ్చితే, దానివల్ల ఏం జరగొచ్చో స్పష్టంగా చెప్పాలి. మన ఇళ్లలో, ఆఫీసుల్లో ‘మనకెందుకులే, పెద్దాయన చూసుకుంటాడు’ అన్న మాట మర్యాద కిందకి వస్తుంది. నేను కూడా ఆ మర్యాద చాలాసార్లు పాటించాను. అక్కడ ఆ మాట అన్నవాడు లైసెన్సుకే ఎసరు తెచ్చుకోవచ్చు.

ఈ బాధ్యత ఎంత కష్టమో చెప్పడానికి ఒంటారియోలోని ఎలియట్ లేక్ చాలు. 2012 జూన్ 23న అక్కడి మాల్ పైకప్పు మీది పార్కింగ్‌లో కొంత భాగం కూలి ఇద్దరు మహిళలు చనిపోయారు. ముప్పై ఏళ్లుగా పైనుంచి ఉప్పునీళ్లు కారుతూ ఉక్కుని తినేశాయి, షాపుల్లో బకెట్లు పెట్టుకునే కాలం గడిపారు. కూలడానికి కొద్ది వారాల ముందే ఒక ఇంజనీరు చూసి నిర్మాణం బాగానే ఉందన్నాడు, యజమాని అడిగితే నివేదికలో మార్పులు కూడా చేశాడు. విచారణ సంఘం 2014లో నివేదిక ఇచ్చేసరికి తేలింది ఏంటంటే, ఏళ్ల తరబడి ఆ కారడం చూసినవాళ్లలో నిపుణులు చాలామందే ఉన్నారు, ఎవరికి వాళ్లు తమ పని ఒక మూలకే పరిమితం అనుకుని వెళ్లిపోయారు.

ఈ సంస్థల్ని నడిపేది ఎవరు? సభ్యులే ఓటేసి ఎన్నుకున్న బోర్డు, దానితోపాటు ప్రభుత్వం నియమించిన, ఈ వృత్తితో సంబంధం లేని మామూలు జనం కొందరు. బ్రిటిష్ కొలంబియాలో ఇప్పుడు ఎవరు పడితే వాళ్లు నామినేషన్ వేసేయడం కాకుండా అర్హత చూసి అభ్యర్థుల్ని ఎంచే కమిటీ ఉంది. పరీక్షల దగ్గర్నుంచి విచారణ కమిటీల దాకా చాలా పని సభ్యులు ఉచితంగా, సాయంత్రాలు కూర్చుని చేసేదే. రిజిస్టరైనవాళ్లు నలభై వేలు దాటిన సంస్థ ఇలా నడవడం నాకు ఆశ్చర్యమే. అయితే ఇది శాశ్వతంగా రాసిచ్చిన హక్కేమీ కాదు. నిర్మాణ రంగంలో అవినీతి బయటపడ్డాక, 2016 జూలైలో క్విబెక్ ప్రభుత్వం అక్కడి ఇంజనీర్ల సంస్థ పాలనని తన ట్రస్టీల చేతిలో పెట్టింది, 2019 దాకా తిరిగి ఇవ్వలేదు. అదే 2016లో బ్రిటిష్ కొలంబియా తమ రియల్ ఎస్టేట్ ఏజెంట్ల స్వీయ నియంత్రణ మొత్తానికే రద్దు చేసింది. ఇంజనీర్లు ఆ వార్తని శ్రద్ధగానే చదివి ఉంటారు.

ఇంతకీ మావాడు. లైసెన్సుకి దరఖాస్తు పెట్టేటప్పుడు అనుభవాన్ని ఏడు విభాగాల కింద రాయాలి, ప్రతిదానికీ సాక్ష్యం చెప్పే సీనియర్లు ఉండాలి, ఆ పైన వృత్తి నీతి మీద పరీక్ష. సాంకేతిక విభాగం గబగబా రాసేశాడు. జట్టుతో పనిచేయడం అన్న విభాగం దగ్గర రెండు వారాలు ఆగిపోయాడు. “అన్నయ్యా, టీమ్‌లో గొడవొస్తే ఎలా పరిష్కరించావో రాయమంటున్నారు. మన దగ్గర గొడవొస్తే ఈఈ గారు అరిచేవారు, అందరం నోరు మూసుకునేవాళ్లం. దీన్ని ఇంగ్లిష్‌లో ఎలా రాయాలి?” నేను కాసేపు నవ్వాను, తర్వాత ఏం చెప్పాలో నాకూ తోచలేదు.

ముద్ర వచ్చి ఇప్పటికి ఏడాదిన్నర. పోయిన నెల ఫోన్ చేసి ఒక సంగతి చెప్పాడు. ఏదో చిన్న రిటైనింగ్ వాల్ (మట్టి జారకుండా ఆపే గోడ) పని, డ్రాయింగ్ అంతా అయిపోయింది, ముద్ర వేయడమే మిగిలింది. ఆఫీసులో కొత్తగా చేరిన జియాలజీ అమ్మాయి వచ్చి, మీరు తీసుకున్న నీటిమట్టం పాత రిపోర్టుది, అది వేసవిలో కొలిచింది, పైగా ఆ పొర గీత చుక్కల్లో ఉంది, మీ డ్రాయింగ్‌లో నిండుగా ఉంది అందట. వీడికి ఒళ్లు మండింది. నిన్న కాక మొన్న వచ్చింది అనుకున్నాడు. రాత్రంతా నిద్రపట్టక, పొద్దున్నే క్లయింట్‌కి ఇంకో బోరు వేయాలని మెయిల్ పెట్టాడు. క్లయింట్ మండిపడ్డాడు, గడువు రెండు వారాలు వెనక్కి పోయింది.

“ఏం దొరికింది మరి?” అన్నాను.

“ఏం దొరకలేదన్నయ్యా. గట్టి గులకనేల, నీళ్లు కూడా లోతుగానే ఉన్నాయి. క్లయింట్ బోరు బిల్లు చూసి వారం రోజులు మాట్లాడలేదు. డ్రాయింగ్‌లో ఒక్క గీత కూడా మారలేదు, కింద చెక్ చేసినవాళ్ల గడిలో ఆ అమ్మాయి ఇనీషియల్స్ తప్ప.”